విల్లు, ట్రస్టు రెండూ ఉన్నా ఆస్తి ఎక్కడ జారిపోతుంది?

ఆస్తి గురించి ముందుచూపు ఉన్నవాళ్లలో రెండు రకాల ధీమా తరచుగా కనిపిస్తుంది. "విల్లు రాసేశాం, ఇక టెన్షన్ లేదు" అనేది ఒకటి. "ట్రస్టే పెట్టేశాం, ఇంకా విల్లు దేనికి?" అనేది రెండోది. రెండింటిలోనూ నిజం సగమే. మనిషి చనిపోయేనాటికి అతనికి చెందిన ఆస్తి మీదే విల్లు పనిచేస్తుంది. ట్రస్టీల చేతికి, అంటే ఇంకొకరి మేలు కోసం ఆస్తిని తమ పేరున ఉంచుకుని చూసేవారి చేతికి, మారిన ఆస్తి మీదే ట్రస్టు పనిచేస్తుంది. ఈ హద్దులు తెలియకుండా రాసుకున్న దస్తావేజులు ఎంత పకడ్బందీగా కనిపించినా ఆస్తిని అనుకున్న చోటికి చేర్చలేవు. విల్లు లేకపోవడం వల్ల కోర్టు మెట్లెక్కిన కుటుంబాల గురించి అందరూ వింటూనే ఉంటారు. విల్లూ ట్రస్టూ రెండూ ఉండి, ఏ కాగితం కిందికీ రాని ఆస్తి ఒకటి మిగిలిపోవడం వల్ల వచ్చే తగువు గురించి వినేది తక్కువ. నిజానికి జాగ్రత్తపరులకు ఎదురయ్యే ప్రమాదం ఈ రెండోదే.

ఈ రెండూ వేర్వేరు ఏర్పాట్లు, ఒకటి ఉంటే రెండోదాంతో పనిలేదు అన్న అభిప్రాయం చరిత్రకు సరిపోదు. మధ్యయుగపు ఇంగ్లండులో భూమిని విల్లు ద్వారా ఇచ్చే వీలు కామన్ లాలో, అంటే అక్కడి కోర్టుల సంప్రదాయ చట్టంలో, లేదు. యజమాని పోతే భూమి సాధారణంగా పెద్దకొడుకుకే. దీన్ని తప్పించుకోవడానికి భూస్వాములు ఒక దారి పట్టారు. బతికుండగానే భూమిని నమ్మకస్తులైన కొందరి పేరున రాసేసేవారు. "నేనున్నన్నాళ్లూ నా అనుభవంలో ఉంచండి, ఆ తర్వాత నా విల్లులో చెప్పినవాళ్లకు ఇవ్వండి" అని వాళ్ల మీద బాధ్యత పెట్టేవారు. భూమి చేతులు మారేది ట్రస్టు లాంటి ఏర్పాటుతో, అది చివరికి ఎవరికో తేల్చేది విల్లు. వారసుడి చేతికి భూమి వచ్చేటప్పుడు రాజుకు దక్కాల్సిన రాబడికి దీంతో గండి పడింది. ఎనిమిదో హెన్రీ 1536లో స్టాట్యూట్ ఆఫ్ యూసెస్ (ఇలాంటి ఏర్పాటును అప్పట్లో "యూస్" అనేవారు) తెచ్చి ఈ దారి మూసేశాడు. భూమి ఉన్నవాళ్లకు ఎంత మండిందంటే, అదే ఏడాది ఉత్తర ఇంగ్లండులో లేచిన తిరుగుబాటుదారుల డిమాండ్లలో ఈ చట్టం రద్దు కూడా చేరింది. చివరికి 1540లో స్టాట్యూట్ ఆఫ్ విల్స్ వచ్చి, భూమిని విల్లులో రాసుకునే హక్కును చాలావరకు ఇచ్చింది. అంటే ట్రస్టూ విల్లూ మొదట్నుంచీ ఒకదాన్ని ఆనుకుని ఒకటి నడిచినవే.

కాగితం రాసినంత మాత్రాన ట్రస్టు నిండదు

ట్రస్టులో మూడు పాత్రలు ఉంటాయి. ఆస్తి పెట్టే వ్యక్తి, ఆ ఆస్తిని చట్టరీత్యా తన పేరున ఉంచుకుని నడిపే ట్రస్టీ, దాని ఫలం అనుభవించే లబ్ధిదారు. ఒకే మనిషి రెండు పాత్రల్లో ఉండొచ్చు. ఆస్తి పెట్టినవారే మొదటి ట్రస్టీగా ఉండి, తమ తర్వాత ఎవరు ట్రస్టీ కావాలో డీడ్‌లోనే రాసుకోవడం చాలా దేశాల్లో మామూలే. ఏకైక ట్రస్టీ, ఏకైక లబ్ధిదారు ఒకరే అయితే మాత్రం అక్కడ ట్రస్టు అనేదే ఉండదు. ఎవరికి ఎవరూ బాధ్యులు కానప్పుడు అది మామూలు సొంత ఆస్తే.

భారత ట్రస్టుల చట్టం 1882 నాటిది. ట్రస్టు ఏర్పడాలంటే ఉద్దేశం, ప్రయోజనం, లబ్ధిదారు, ట్రస్టు ఆస్తి స్పష్టంగా ఉండాలని దాని 6వ సెక్షన్ చెబుతుంది. అక్కడితో ఆగదు. ఆస్తి ట్రస్టీకి బదిలీ కావాలని కూడా అంటుంది. విల్లు ద్వారా ప్రకటించిన ట్రస్టుకూ, ఆస్తి పెట్టినవారే ట్రస్టీగా ఉన్న ట్రస్టుకూ మాత్రమే ఈ బదిలీ షరతు నుంచి మినహాయింపు. స్థిరాస్తి అయితే 5వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన దస్తావేజు కావాలి, లేదా విల్లు కావాలి. దాదాపు ఇదే సూత్రం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వేరే మాటల్లో ఉంటుంది.

ఆచరణలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ట్రస్టు డీడ్ చివర ఒక షెడ్యూల్ ఉంటుంది. అందులో ఇల్లు, డిపాజిట్లు, షేర్లు, బంగారం అన్నీ రాస్తారు. సంతకాలు అయిపోతాయి. డిపాజిట్ మాత్రం పాత పేరుతోనే ఏటేటా రెన్యువల్ అవుతూ ఉంటుంది. షేర్లు సొంత డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి. ఇంటి పత్రాలు మారవు. అలాంటి ట్రస్టు తాళం వేసి భద్రంగా ఉంచిన ఖాళీ బీరువా. ట్రస్టీలు ఆ డీడ్ పట్టుకుని బ్యాంకుకు వెళితే, ఖాతా చనిపోయిన మనిషి పేరున ఉంది కాబట్టి వారసత్వ పత్రాలు తెమ్మంటారు. బ్యాంకు చేసింది తప్పు కాదు. ట్రస్టు పేరుతో ఖాతా తెరిచి డబ్బు మార్చాలి, షేర్లను ట్రస్టు కోసం ట్రస్టీల పేరున తెరిచిన డీమ్యాట్ ఖాతాకు పంపాలి, స్థిరాస్తికి రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆస్తి మారిందా లేదా అన్నదానికి టైటిలే, అంటే రికార్డుల్లో అది ఎవరి పేరున ఉందన్నదే, సాక్ష్యం. షెడ్యూల్ ఒక జాబితా మాత్రమే.

అన్నీ ట్రస్టులోకి మార్చడం ప్రతిసారీ తెలివైన పని కూడా కాదు. స్థిరాస్తి బదిలీకి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు పడే చోట, ఇల్లు పెద్ద విలువదైతే ఆ ఖర్చు బరువే. విల్లుకు స్టాంపు డ్యూటీ లేదు, భారత్‌లో విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. అందుకే తేలిగ్గా మార్చగల చరాస్తిని ట్రస్టులో పెట్టి, ఇంటిని విల్లుకు వదిలేసే పద్ధతి పూర్తిగా సమంజసమైనదే. ఆ నిర్ణయం కావాలని తీసుకున్నదై ఉండాలి. మర్చిపోయినందువల్ల ఇల్లు బయట ఉండిపోవడం వేరు.

ఒక ఇంటి లెక్క

దగ్గరగా చూస్తే విషయం బాగా తెలుస్తుంది. ఒక తండ్రికి ఇద్దరు పిల్లలనుకుందాం. కొడుకు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. కూతురికి బుద్ధిమాంద్యం ఉంది, జీవితాంతం ఎవరో ఒకరు చూసుకోవాలి, డబ్బు వ్యవహారం ఆమె చేసుకోలేదు. తండ్రి ఆమె కోసం ట్రస్టు పెట్టి, డిపాజిట్లూ షేర్లూ ట్రస్టీల పేరుకు మార్చాడు. ఆమె వైద్యానికీ పోషణకూ ఎంత అవసరమో చూసి ఖర్చు పెట్టే అధికారం ట్రస్టీలకు ఇచ్చాడు. ఇంతవరకు బాగా చేశాడు. కొన్నాళ్లకు, ఆ తర్వాత కూడబెట్టిన సొంత డబ్బుతో, ట్రస్టులో పెడదామనుకుని ఒక ఫ్లాట్ కొన్నాడు. రిజిస్ట్రేషన్ రోజు తొందరలో అది తన సొంత పేరునే అయిపోయింది.

అతను విల్లు రాయకుండా పోతే, ఆ ఫ్లాట్ వారసత్వ చట్టం చెప్పిన వరుసలో వారసులందరికీ పంచబడుతుంది. కూతురి వాటా నేరుగా ఆమె పేరునే పడుతుంది. ఆమె సంతకం చేయలేదు, ఆ వాటాను అమ్మనూ లేదు, అద్దెకివ్వనూ లేదు. ఆమె తరఫున వ్యవహరించే సంరక్షకుడి నియామకం కోసం మళ్లీ దరఖాస్తులు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి భారత్‌లో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ఆ దారి ఉండడం మేలే. కానీ తండ్రి ట్రస్టు పెట్టిందే ఆమె ఆస్తి వ్యవహారం ఇలాంటి దరఖాస్తుల మీద ఆధారపడకూడదని.

అమెరికాలో అయితే నష్టం ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ వైకల్యం ఉన్న పేదలకు ఇచ్చే సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ అందాలంటే, ఒంటరి వ్యక్తి లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. సరిగ్గా రాసిన ట్రస్టులో ఉన్న డబ్బు ఆ లెక్కలోకి రాకుండా చూసుకోవచ్చు. ప్రేమకొద్దీ విల్లులో నేరుగా ఆ బిడ్డ పేరున రాసిన వాటా మాత్రం లెక్కలోకి వచ్చి, ఉన్న సాయాన్ని ఆపేస్తుంది. ట్రస్టు ఒకవైపు కాపాడుతుంటే విల్లు ఇంకోవైపు చెడగొట్టడం అంటే ఇదే.

పై ఇంట్లో కావలసింది విల్లులో ఒకే ఒక్క క్లాజు. ఆస్తుల ప్రత్యేక పంపకాలు రాశాక, చివర్లో ఇలా ఉంటుంది: "పైన చెప్పినవి పోను, నేను చనిపోయేనాటికి నాకు చెందిన మిగతా స్థిర, చరాస్తులన్నీ ఫలానా తేదీన ఏర్పడిన ఫలానా ట్రస్టు యొక్క అప్పటి ట్రస్టీలకు, ఆ ట్రస్టు షరతుల ప్రకారం ఉంచుకునేందుకు, చెందాలి." అమెరికా లాయర్లు ఇలాంటి విల్లును పోర్‌ఓవర్ విల్ అంటారు. ట్రస్టులో పెట్టడం మర్చిపోయినవీ, తర్వాత కొన్నవీ, రావాల్సిన బకాయిలూ అన్నీ చివరికి ట్రస్టుకే చేరతాయి. ఫ్లాట్ తండ్రి పేరున ఉండిపోయినా కూతురికి అనుకున్న రక్షణ దక్కుతుంది.

ఈ క్లాజు దగ్గర రెండు చిక్కులు ఉన్నాయి. విల్లు రాసిన తర్వాత ట్రస్టు షరతులు మారిస్తే, ఆస్తి ఏ షరతుల ప్రకారం వెళ్లాలి? విల్లులో ఇంకో పత్రాన్ని ప్రస్తావిస్తే, అది విల్లు రాసేనాటికే ఉండి తీరాలని పాత ఇంగ్లీషు సూత్రం. సాక్షుల సంతకాలు లేకుండా తర్వాత చేసిన మార్పులు విల్లులో భాగమైపోతే విల్లు చట్టానికి అర్థమే ఉండదన్న భయం దాని వెనక ఉంది. అమెరికాలో 1960లో వచ్చిన నమూనా చట్టం ఈ గొడవను తేల్చి, విల్లు తర్వాత ట్రస్టుకు చేసిన సవరణలు కూడా వర్తిస్తాయంది. ఇంత స్పష్టమైన చట్టం లేని చోట, ట్రస్టును సవరించిన ప్రతిసారీ విల్లుకు ఒక కోడిసిల్ (అనుబంధ పత్రం) రాసి, సవరణ తేదీ చెప్పి, మళ్లీ సాక్షులతో సంతకం చేయించడం మంచిది. అరపూట పని, పెద్ద తలనొప్పి తప్పుతుంది.

రెండో చిక్కు ఇంకా తీవ్రమైనది. చనిపోయేనాటికి ఆ ట్రస్టే రద్దయి ఉంటే? మిగతా ఆస్తి వెళ్లాల్సిన చోటు లేదు కాబట్టి ఆ క్లాజు పడిపోతుంది, విల్లు రాసి కూడా విల్లు లేనట్టే అవుతుంది. అందుకే దాని కిందే ఇంకో వాక్యం ఉండాలి: ఆ ట్రస్టు అప్పటికి అమల్లో లేకపోతే, ఈ విల్లు ద్వారానే ఫలానా వారు ట్రస్టీలుగా, ఫలానా వారి కోసం, ఈ షరతులతో ట్రస్టు ఏర్పడాలి అని. "అవే షరతులతో" అని రాసి వదిలేయకూడదు. రద్దయిన డీడ్ కాపీ ఎవరి దగ్గరా దొరక్కపోవచ్చు.

విల్లు లోపలి ట్రస్టు

పై వాక్యంలో ఉన్న ఏర్పాటే కొందరికి మొత్తం ప్రణాళికగా సరిపోతుంది. బతికుండగా ఏ ట్రస్టూ పెట్టకుండా, తన మరణంతో మొదలయ్యే ట్రస్టును విల్లులోనే రాయడం. ఆస్తి మొత్తం చివరిదాకా తన చేతిలోనే ఉంటుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ట్రస్టు ఖాతాలూ రిటర్నుల బెడద లేదు. చిన్న పిల్లలున్న దంపతులకు, ఆస్తి ఇంకా కూడబెడుతున్న వయసులో, ఇదే తగిన దారి. పిల్లాడికి 18 నిండిన మర్నాడే మొత్తం డబ్బు చేతికి రాకుండా, చదువుకు ఇంత, పాతికేళ్లకు ఇంత, ముప్ఫై ఏళ్లకు మిగతాది అని రాసుకోవచ్చు.

పన్ను విషయంలోనూ ఇది కొన్నిసార్లు నయం. భారత్‌లో లబ్ధిదారుల వాటాలు తేల్చకుండా ట్రస్టీల విచక్షణకు వదిలేసిన ట్రస్టు ఆదాయం మీద సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, తనపై ఆధారపడిన బంధువు కోసం విల్లు ద్వారా ప్రకటించిన ట్రస్టును ఈ గరిష్ఠ రేటు నుంచి మినహాయించింది. ఆ వ్యక్తి విల్లు ద్వారా ప్రకటించిన ట్రస్టు అదొక్కటే అయి ఉండాలన్న షరతు పెట్టింది. విల్లులో ముగ్గురు పిల్లలకు మూడు ట్రస్టులు రాసేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

దీని బలహీనత కూడా అక్కడే, అది విల్లులో ఉండడంలోనే ఉంది. విల్లు చెల్లకపోతే ట్రస్టూ పోతుంది. భారత వారసత్వ చట్టం 1925లోని 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు విల్లును ధ్రువీకరించాలి. ఇంగ్లండులో 1837 నాటి విల్స్ చట్టం ప్రకారం రాసినవారు సంతకం చేసేటప్పుడో, అది తన సంతకమేనని ఒప్పుకునేటప్పుడో ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఎదురుగా ఉండాలి. భారత్‌లో ఆ ఒకేసారి అన్న నియమం లేదు. కానీ రేపు విల్లును కోర్టులో రుజువు చేయాల్సి వస్తే, బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. తన ఈడు స్నేహితులిద్దరి చేత సంతకం పెట్టించుకోవడం చాలామంది చేసే పని. తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్లు, విల్లులో ఏమీ దక్కనివాళ్లు సాక్షులైతే ఆ విల్లు ఎక్కువ గట్టిగా నిలబడుతుంది.

ఇంకో లోటు దీనికన్నా పెద్దది. మనిషి బతికే ఉండి, పక్షవాతంతోనో మతిమరుపు జబ్బుతోనో వ్యవహారం చూసుకోలేని స్థితికి వస్తే విల్లు ఏమీ చేయలేదు. మరణం తర్వాతే దానికి ప్రాణం. పవర్ ఆఫ్ అటార్నీ ఉందిలే అనుకుంటే, భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇచ్చినవారికి మతిస్థిమితం పోతే ఆ అధికారం ముగుస్తుంది. అంటే సరిగ్గా అవసరపడే రోజునే అది పనికిరాకుండా పోతుంది. ఇంగ్లండు 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టంతో ఈ ఇబ్బందికి ఇచ్చినవారికి మతిస్థిమితం పోయినా చెల్లే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అనే పరిష్కారం తెచ్చింది. అలాంటిది లేని చోట, బతికుండగా పెట్టిన ట్రస్టు ఒక్కటే ఆగకుండా నడుస్తుంది. ఒక ట్రస్టీ అశక్తుడైతే డీడ్‌లో పేరున్న తర్వాతి ట్రస్టీ బాధ్యత తీసుకుంటాడు. ఆసుపత్రి బిల్లు కట్టడానికి కోర్టు అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. అరవై దాటినవారు, ముఖ్యంగా ఒంటరిగా ఉన్నవారు ట్రస్టు గురించి ఆలోచించడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. పన్ను ఆదా, గోప్యత అన్నీ దీని తర్వాతే.

గోప్యత మాట వచ్చింది కాబట్టి ఒక వివరం. ప్రొబేట్ (విల్లు నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించడం) అయ్యాక విల్లు ఎవరైనా చూడగల పత్రం అవుతుంది, ట్రస్టు డీడ్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది అని ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు చెప్పేది అక్కడికి నిజం. భారత్‌లో స్థిరాస్తి ఉన్న ట్రస్టు డీడ్ రిజిస్టరైతే, ఆ రిజిస్టరును ఎవరైనా ఫీజు కట్టి చూసుకోవచ్చు. రిజిస్టరు చేసిన విల్లు కాపీ మాత్రం రాసినవారు బతికున్నంతకాలం ఇతరులకు ఇవ్వరు. రహస్యం కోసమే ట్రస్టు అనుకునేవారు ఈ తేడా గమనించాలి.

రెండూ ఢీకొంటే

విల్లులో ఇల్లు పెద్దమ్మాయికి అని రాశారు. కొన్నేళ్ల తర్వాత అదే ఇంటిని ట్రస్టుకు రిజిస్టర్ చేసి, లబ్ధిదారులుగా పిల్లలందరి పేర్లూ పెట్టారు. విల్లు మార్చలేదు. ఆ రాసినవారు పోయాక పెద్దమ్మాయి చేతిలో స్పష్టమైన విల్లు ఉంటుంది, అయినా ఇల్లు ఆమెకు రాదు. చనిపోయేనాటికి ఆ ఇల్లు రాసినవారిది కాదు కాబట్టి విల్లులోని ఆ వాక్యానికి ఇవ్వడానికేమీ లేదు. దానికి బదులు ఇంకేదైనా ఇవ్వాలన్న హక్కు కూడా మామూలుగా పుట్టదు. "చివరి విల్లే చెల్లుతుంది" అన్న మాట జనంలో బాగా నాటుకుపోయింది. అది విల్లుకూ విల్లుకూ మధ్య పోటీ వచ్చినప్పటి మాట. ట్రస్టుకు మారిపోయిన ఆస్తిని ఎంత తాజా విల్లు రాసినా వెనక్కి తేలేదు.

ట్రస్టును రద్దు చేసి తేవచ్చు కదా అంటే, అది ఏ దేశంలో, ఏ మాటలతో రాశారన్నదాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే 2000 నాటి యూనిఫాం ట్రస్టు కోడ్ ప్రకారం, రద్దు చేయరాదని డీడ్‌లో స్పష్టంగా లేకపోతే ట్రస్టును పెట్టినవారు రద్దు చేసుకోవచ్చు. భారత ట్రస్టుల చట్టం 78వ సెక్షన్ దీనికి పూర్తిగా ఎదురు. బతికుండగా పెట్టిన ట్రస్టును రద్దు చేసే అధికారం తన దగ్గర ఉంచుకున్నట్టు డీడ్‌లో స్పష్టంగా రాసుకోకపోతే, కాంట్రాక్టుకు అర్హులైన లబ్ధిదారులందరూ ఒప్పుకుంటే తప్ప సాధారణంగా రద్దు కుదరదు. లబ్ధిదారు మైనరైతే ఆ ఒప్పుకోలు దొరికే దారే లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన అమెరికా నమూనా చూసి భారత్‌లో డీడ్ రాయించుకుంటే ఎంత ప్రమాదమో ఈ ఒక్క తేడా చాలు చెప్పడానికి.

రద్దు అధికారం ఉంచుకుంటే దానికీ ఖరీదు ఉంది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల ఆస్తిని చట్టం ఇంకా ఆ మనిషిదిగానే చూస్తుంది. దాని ఆదాయం మీద పన్ను సాధారణంగా పెట్టినవారికే పడుతుంది. యూనిఫాం ట్రస్టు కోడ్ అయితే అప్పులవాళ్లు అందులోకి రావచ్చనే చెబుతుంది. రద్దు చేయలేని ట్రస్టు అయినా, అప్పులు ఎగ్గొట్టడానికి పెట్టిందని తేలితే నిలవదు. ఇంగ్లండు 1571లోనే ఇలాంటి బదిలీలకు వ్యతిరేకంగా చట్టం చేసింది, భారత ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. అప్పుల ఒత్తిడి మొదలయ్యాక పెట్టే ట్రస్టు రక్షణ ఇవ్వకపోగా అనుమానాన్ని పెంచుతుంది.

విల్లుకూ ట్రస్టుకూ రెండింటికీ అందనిది ఇంకొకటి ఉంది: నామినేషన్. అమెరికాలో రిటైర్మెంట్ ఖాతా, బీమా పాలసీ ఫారంలో ఎవరి పేరు ఉంటే డబ్బు నేరుగా వారికే వెళుతుంది, విల్లులో ఏం రాసినా సరే. భారత్‌లో పరిస్థితి వేరు. బీమా నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, అసలు హక్కు వారసులదని సుప్రీంకోర్టు 1984లో చెప్పింది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు బీమా నామినీలైతే హక్కు కూడా వారిదేనని చట్టం మారింది. షేర్ల విషయంలో నామినీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. ఒకే ఇంట్లో బీమాకు ఒక సూత్రం, షేర్లకు ఇంకో సూత్రం. అందుకే విల్లూ ట్రస్టూ రాసే రోజే ప్రతి ఖాతాలో నామినీ ఎవరో తీసి చూడాలి. పదిహేనేళ్ల కిందట పెళ్లికి ముందు రాసిన పేరు అలాగే ఉండిపోవడం చాలా మామూలు.

అప్పులు ఎవరి జేబులోంచి?

ప్రణాళికలు రాసేటప్పుడు అందరూ ఆస్తి ఎవరికి అన్నదాని మీదే గంటలు గడుపుతారు. అప్పులు, ఆసుపత్రి బిల్లులు, చివరి ఏడాది పన్ను ఎక్కడినుంచి కట్టాలన్నది ఎవరూ అడగరు. విల్లు అమలు చేసే ఎగ్జిక్యూటర్ ముందు అప్పులు తీర్చి, మిగిలింది పంచాలి. నగదంతా ట్రస్టులోకి వెళ్లిపోయి, విల్లు కింద ఇల్లు ఒక్కటే మిగిలితే, అప్పు తీర్చడానికి ఆ ఇల్లే అమ్మాల్సి రావచ్చు. ట్రస్టులో డబ్బు పుష్కలంగా ఉన్నా, డీడ్‌లో అధికారం లేకపోతే ట్రస్టీ రూపాయి తీయలేడు. తీస్తే లబ్ధిదారులకు జవాబు చెప్పుకోవాలి. చనిపోయినవారి అప్పులకూ పన్నులకూ డబ్బు సర్దవచ్చని ట్రస్టు డీడ్‌లో ఒక క్లాజు, అవి ముందుగా ఏ ఆస్తి నుంచి కట్టాలో విల్లులో ఒక క్లాజు ఉంటే ఇల్లు నిలబడుతుంది.

ఎగ్జిక్యూటర్, ట్రస్టీ ఒకరే ఉండొచ్చా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. ఉండొచ్చు. కానీ ఎగ్జిక్యూటర్ పని మామూలుగా కొన్నాళ్లలో ముగిసేది, ట్రస్టీ పని దశాబ్దాలు సాగేది. ఆఫీసుల చుట్టూ తిరిగి పని పూర్తి చేయించగల చొరవ ఒక గుణం. పాతికేళ్లు ఓపిగ్గా లెక్కలు రాస్తూ, అడిగిన ప్రతిసారీ డబ్బు ఇవ్వకుండా అవసరం చూసి ఇవ్వడం వేరే గుణం. కూతురి సంరక్షణ చూసే మనిషే ఆమె డబ్బుకు ఏకైక ట్రస్టీ కావడం మాత్రం మంచిది కాదు. ఇద్దరు ట్రస్టీలుంటే ఒకరి ఖర్చును ఇంకొకరు చూస్తారు. మైనర్ పిల్లలకు సంరక్షకుణ్ని ట్రస్టు డీడ్‌లో కాకుండా విల్లులో నియమించడమే చాలా చట్టాల్లో ఉన్న పద్ధతి. ఆస్తి అంతా ట్రస్టులో ఉన్నవారికి కూడా విల్లు అవసరం అనడానికి ఇది ఒక్కటే చాలు.

రెండు కాగితాలూ కలిపి రాసినా దాటలేని గోడలు కొన్ని ఉన్నాయి. ముస్లిం వ్యక్తిగత చట్టంలో వారసుల సమ్మతి లేకుండా విల్లు ద్వారా ఇవ్వగలిగేది మూడో వంతు వరకే. ఫ్రాన్సులో ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు అంతకన్నా ఎక్కువ ఉంటే నాలుగింట మూడు వంతులు పిల్లలకు రిజర్వు. తరతరాలకూ ఆస్తిని కట్టేసి ఉంచడానికీ హద్దు ఉంది. ఇంగ్లండులో 2009 చట్టం దాన్ని 125 ఏళ్లుగా పెట్టింది. భారత్‌లో అప్పటికి బతికున్నవారి జీవితకాలం, ఆపై అప్పటికి పుట్టని బిడ్డ మైనారిటీ తీరేవరకే.

పెళ్లి, విడాకులు, బిడ్డ పుట్టడం, ట్రస్టీ మరణం, పెద్ద ఆస్తి కొనడం, అమ్మడం: వీటిలో ఏది జరిగినా రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇంగ్లండులో పెళ్లితో పాత విల్లు సాధారణంగా రద్దవుతుంది. భారత్‌లో హిందువుల విల్లుకు ఆ నియమం లేదు. అంటే పెళ్లికి ముందు రాసిన విల్లు భార్య ప్రస్తావన కూడా లేకుండా అలాగే చెల్లుబాటులో ఉండిపోతుంది. ఒరిజినల్ విల్లు ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కు ముందే చెప్పి ఉంచాలి. చివరిసారి రాసినవారి దగ్గరే ఉన్నట్టు తెలిసిన విల్లు వారు పోయాక కనిపించకపోతే, వారే చింపేసి రద్దు చేసుకున్నారని ఇంగ్లీషు చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసే భారం విల్లు కావాలనేవాళ్ల మీదే పడుతుంది.